స్పార్టకస్ తర్వాత రోమ్‌కి ఎదురు తిరిగింది ఎవరు? చాలావరకు రోమ్ పెంచినవాళ్ళే

ప్రశ్న క్లుప్తంగా ఇది: "బానిసల్ని కూడగట్టి తిరగబడ్డ స్పార్టకస్ గురించి అందరూ చెబుతారు. అగస్టస్ చక్రవర్తి అయ్యాక రోమ్‌ని ఎదిరించిన మొనగాళ్ళే లేరా? 'రోమన్ శాంతి' అంటారు కదా, నిజంగానే అందరూ నోరు మూసుకుని పడి ఉన్నారా? ఎదిరిస్తే మరి ఎందుకు ఓడిపోయారు?"

లేకేం, బోలెడంతమంది ఉన్నారు. క్రీ.శ. 6 నుంచి 73 దాకా చూస్తే ఎక్కడో ఒకచోట తిరుగుబాటు లేని పదేళ్ళు వెతికి పట్టుకోవడమే కష్టం. డిగ్రీ కాలేజీలో ప్రాచీన చరిత్ర చెప్పిన అలవాటు కొద్దీ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

సినిమాల పుణ్యమా అని మన బుర్రలో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. ఇటు ఇనుప కవచాల రోమన్లు, అటు అడవిలోంచి కేకలేస్తూ వచ్చే జులపాల జనం. ఈ కాలానికి ఆ బొమ్మ అస్సలు పనికిరాదు. రోమ్‌ని బాగా వణికించినవాళ్ళలో ఎక్కువమంది రోమన్ సైన్యంలో జీతం తీసుకున్నవాళ్ళు, లాటిన్ వచ్చినవాళ్ళు, కొందరైతే రోమన్ పౌరసత్వం ఉన్నవాళ్ళు. రోమ్ ఒక ప్రాంతాన్ని గెలిచాక అక్కడి కుర్రాళ్ళని సహాయక దళాల్లో చేర్చుకునేది, చాలాసార్లు వాళ్ళ పెద్దింటి వాళ్ళనే వాళ్ళకి అధికారులుగా పెట్టేది. చవగ్గా సైన్యం దొరికేది. కాకపోతే కందకం ఎలా తవ్వాలి, వరస ఎలా నిలబెట్టాలి, గవర్నరు ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటాడు, ఇవన్నీ ఆ కుర్రాళ్ళకి ఊరికే తెలిసిపోయేవి.

ఒక్క పేరే చెప్పమంటే నేను బాటో పేరు చెబుతాను. చాలామంది వినుండరు. ఇప్పటి బోస్నియా కొండల్లో ఉండే డెసిటియాటే అనే తెగ నాయకుడు. క్రీ.శ. 6లో అగస్టస్ సవతి కొడుకు టైబీరియస్ డాన్యూబ్ నది అవతల మరోబోడూస్ అనే రాజు మీదకి దండెత్తాలని బయల్దేరాడు. ఆ యుద్ధం కోసం డాల్మేషియాలో, అంటే ఇప్పటి క్రొయేషియా, బోస్నియా ప్రాంతాల్లో, స్థానికుల్ని దళాలుగా చేర్చి ఒకచోట పోగేశారు. అప్పటిదాకా ఎవరి లోయలో వాళ్ళు బతికే జనం. పన్నులతో ఒళ్ళు మండిపోయి ఉన్నారు. చేతిలో ఆయుధాలతో అందరూ ఒక్కచోట చేరేసరికి తాము ఎంతమందో, ఎంత బలమో వాళ్ళకే కనిపించింది. టైబీరియస్ కోసం కట్టిన ఆ సైన్యం టైబీరియస్ మీదకే తిరిగింది. ఉత్తరాన పన్నోనియాలో బ్రూకీ అనే తెగ కూడా కలిసింది, తమాషా ఏంటంటే వాళ్ళ నాయకుడి పేరు కూడా బాటోనే.

రోమ్ నగరంలో ఎంత టెన్షన్ పుట్టిందంటే, జాగ్రత్త పడకపోతే పది రోజుల్లో శత్రువు మన కళ్ళ ముందు ఉంటాడని అగస్టస్ స్వయంగా సెనేట్‌లో చెప్పాడట. ఈ మాట రాసిన వెల్లీయస్ ఆ యుద్ధంలో టైబీరియస్ కింద పనిచేసిన అధికారి, కాబట్టి కొంచెం ఎక్కువ చేసి చెప్పినా గాలి కబురు మాత్రం కాదు. సైనికులు చాలక బానిసల్ని విడుదల చేసి మరీ చేర్చుకున్నారు. చివరికి 15 లీజియన్లు, అంటే రోమన్ పౌరులతో కట్టిన ప్రధాన దళాలు, వాటికి తగ్గట్టు సహాయక దళాలు దిగాయని చరిత్రకారుడు సూటోనియస్ లెక్క. అప్పటికి సామ్రాజ్యం మొత్తంలో ఉన్నవే 28 లీజియన్లు. కార్తేజ్ యుద్ధాల తర్వాత బయటివాళ్ళతో చేసిన యుద్ధాలన్నిట్లో ఇదే ఘోరమైనదని కూడా ఆయనే అన్నాడు.

మూడేళ్ళు నడిచింది. టైబీరియస్ పెద్ద పోరాటాలకి తొందరపడకుండా పంటలు నాశనం చేసి, దారులు మూసేసి, కొండల్లో ఉన్నవాళ్ళని ఆకలితో మాడ్చాడు. ఈలోపు బ్రూకీ బాటో తన సాటి నాయకుడు పిన్నెస్‌ని రోమన్లకి పట్టించేసి, దానికి ప్రతిఫలంగా తన తెగ మీద పెత్తనం తెచ్చుకున్నాడు. మన బాటో ఊరుకోలేదు, అతన్ని పట్టుకుని తన సైన్యం ముందు నిలబెట్టి తీర్పు చెప్పించి చంపించాడు. ఆర్డూబా అనే కోటలో మగవాళ్ళు కొంతమంది లొంగిపోదామంటే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, కోట పోతుందనగా పిల్లల్ని చంకనేసుకుని కొందరు మంటల్లోకి, కొందరు కింద ఏట్లోకి దూకేశారు.

క్రీ.శ. 9లో లొంగిపోయాక "ఎందుకు తిరగబడ్డారు, ఇంత కాలం ఎందుకు కొట్లాడారు" అని టైబీరియస్ అడిగాడట. దానికి బాటో జవాబు: తప్పు మీదే, మీ మందలకి కాపలాగా మీరు కుక్కల్నీ కాపర్లనీ పంపరు, తోడేళ్ళని పంపుతారు. చరిత్రకారుడు డియో ఇది రెండు వందల ఏళ్ళ తర్వాత రాశాడు, కాబట్టి అక్షరం అక్షరం నమ్మక్కర్లేదు, కాని రోమన్లు తమ పాలన గురించి తామే ఇలాంటి మాట రాసిపెట్టుకోవడం గమనించదగ్గది. బాటోని చంపలేదు. ఒకసారి ఇరుకు దారిలో చిక్కుకున్న టైబీరియస్ సైన్యాన్ని పోనిచ్చాడన్న కృతజ్ఞతతో కానుకలిచ్చి ఇటలీలోని రావెన్నాలో ఉంచారు.

మరి ఇంత పెద్ద కథ ఎవరికీ ఎందుకు తెలియదు? యుద్ధం ముగిసిన ఐదు రోజుల్లోపే జర్మనీ నుంచి వారస్ సైన్యం నాశనమైందన్న కబురు వచ్చింది, దాని ముందు ఇది మరుగున పడిపోయింది.

ఆ రెండోది ఆర్మీనియస్ కథ. యూట్యూబ్‌లో దీని మీద కుప్పలుగా వీడియోలున్నాయి కాబట్టి ఇక్కడ క్లుప్తంగా. చెరుస్కీ తెగ పెద్దింటి కుర్రాడు, రోమన్ పౌరుడు, ఈక్వెస్ట్రియన్ హోదా (సెనేటర్ల తర్వాతి అంతస్తు) ఉన్నవాడు, గవర్నర్ వారస్‌తో కలిసి విందుల్లో కూర్చునేవాడు. ట్యూటోబర్గ్ అడవిలో 17, 18, 19 నంబర్ల లీజియన్లు మూడింటినీ తుడిచిపెట్టాడు, ఆ నంబర్లు రోమ్ మళ్ళీ వాడలేదు. నాకు యుద్ధం కన్నా ఆ ఇంటి గొడవ ఎక్కువ ఆసక్తి. మామ సెగెస్టెస్ "వీణ్ణి నమ్మకు" అని వారస్‌కి ముందే చెప్పాడు. సోదరుడు ఫ్లావస్ చివరిదాకా రోమ్ కొలువులోనే ఉన్నాడు, ఆ కొలువులోనే ఒక కన్ను పోగొట్టుకున్నాడు. వేజర్ నదికి ఇటొకడు అటొకడు నిలబడి మాట్లాడుకున్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కన్నుకి బదులు ఏమిచ్చారని ఆర్మీనియస్ అడిగితే, జీతం పెంచారు, పతకాలిచ్చారు అన్నాడట ఫ్లావస్, దానికి ఆర్మీనియస్ పగలబడి నవ్వి బానిసత్వం ఇంత చవకా అన్నాడట. ఆర్మీనియస్ భార్య థస్నెల్డా కడుపుతో ఉండగా తండ్రి సెగెస్టెస్ ద్వారానే రోమన్ల చేతికి చిక్కింది. క్రీ.శ. 17లో రోమ్ విజయోత్సవంలో ఆమెనీ పసివాణ్ణీ నడిపిస్తుంటే సెగెస్టెస్ గౌరవ అతిథిగా కూర్చుని చూశాడు. ఆర్మీనియస్‌ని మాత్రం రోమ్ ఏమీ చెయ్యలేకపోయింది. రాజు కావాలని చూస్తున్నాడని సొంత బంధువులే చంపారు, అప్పటికి వయసు 37.

ఇక అసలు కారణాల దగ్గరకి వద్దాం. "స్వేచ్ఛ కోసం" అని రాసేస్తే సరిపోదు. దాదాపు ప్రతి చోటా పన్ను, అప్పు, బలవంతపు సైన్యభర్తీ, ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది. గెలిచిన వెంటనే కాదు, ఒక తరం గడిచాక, జనగణన చేసి శిస్తు ఖరారు చేసే వేళకి మంట రాజుకుంటుంది. క్రీ.శ. 6లో యూదయాలో (జెరూసలేం చుట్టుపక్కల ప్రాంతం) రోమన్ గవర్నర్ క్విరినియస్ జనగణన మొదలుపెట్టగానే గలిలయకి చెందిన యూదా అనే అతను దేవుడు తప్ప మనకి ప్రభువు లేడంటూ లేచాడు.

పన్ను ఎలా తిరుగుబాటుగా మారుతుందో చూడాలంటే ఫ్రీజియన్ల ఉదంతం చదవాలి. ఇప్పటి నెదర్లాండ్స్ తీరం వాళ్ళు. బీద జనం కాబట్టి మొదట వాళ్ళకి వేసిన కప్పం చిన్నదే, సైన్యానికి ఎద్దుల తోళ్ళు ఇవ్వాలి, అంతే. తోలు ఎంత సైజు, ఎంత మందం అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒలెన్నియస్ అనే సైనికాధికారి వచ్చి, అడవి ఎద్దు తోలు ఎంత ఉంటే అంత ఉండాలన్నాడు. వాళ్ళ పశువులు చిన్నవి, అడవి ఎద్దుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ముందు పశువుల్నే ఇచ్చేశారు, తర్వాత పొలాలు, ఆఖరికి భార్యాపిల్లల్ని బానిసలుగా ఇచ్చుకున్నారు. మొరపెట్టుకుంటే వినేవాడు లేడు. క్రీ.శ. 28లో పన్ను వసూలుకి వచ్చిన సైనికుల్ని పట్టుకుని ఉరితీశారు. ఒలెన్నియస్ తప్పించుకుని కోటలోకి పారిపోయాడు, మంచి ఆఫీసర్లు ఎప్పుడూ బతికే ఉంటారు లెండి. అణచడానికి వచ్చిన సైన్యంలో 900 మంది ఒక అడవిలో చచ్చారు, ఇంకో 400 మంది రోమన్ సైన్యంలో పనిచేసి వచ్చిన క్రుప్టోరిక్స్ అనే అతని ఇంట్లో దాక్కుని, ద్రోహం జరుగుతుందేమోనన్న భయంతో ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. అప్పటికి చక్రవర్తి అయిన టైబీరియస్ ఆ నష్టాన్ని బయటికి పొక్కనివ్వలేదు. ఫ్రీజియన్లు ఓ ఇరవై ఏళ్ళ దాకా చేతికి చిక్కలేదు, కాబట్టి "అందరూ ఓడిపోయారు" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు.

అప్పుల సంగతికి గాల్ దేశం, అంటే ఇప్పటి ఫ్రాన్స్ చుట్టుపక్కల ప్రాంతం. పన్ను నగదులో కట్టాలి, చేతిలో నగదు లేదు, రోమన్ల దగ్గరే వడ్డీకి తెచ్చి రోమన్లకే కట్టాలి. (నల్గొండ, కరీంనగర్ వైపు దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌ల కాలపువి చాలా ఉన్నాయి. మిరియాలకీ బట్టలకీ ఈ దేశం దాకా వచ్చిన ఆ దీనారాల్లోనే గాల్ జనం పన్నూ వడ్డీ లెక్కలు కూడా నడిచాయి.) క్రీ.శ. 21లో జూలియస్ ఫ్లోరస్, జూలియస్ సాక్రోవిర్ అనే ఇద్దరు లేచారు. పేర్లు చూడండి, ఇద్దరూ జూలియస్‌లే, వాళ్ళ తాతల కాలంలోనే సీజర్ కుటుంబం చేతుల మీదుగా పౌరసత్వం అందుకున్న ఇళ్ళు. సాక్రోవిర్ గడుసువాడు. తిరుగుబాటు మొదట్లో రోమ్ పక్షాన ఉన్నట్టు నటిస్తూ శిరస్త్రాణం లేకుండా బోడితలతో యుద్ధం చేశాడు, అడిగితే నా ధైర్యం చూపించడానికన్నాడు. దొరికిన ఖైదీలు చెప్పింది వేరు: తమవాళ్ళు గుర్తుపట్టి తన మీద ఈటె వెయ్యకుండా ఉండటానికట!

తర్వాత బాహాటంగా ఆటూన్ పట్టణం పట్టుకున్నాడు. గాల్ పెద్దింటి పిల్లలంతా అక్కడే రోమన్ చదువులు చదువుతున్నారు, వాళ్ళు చేతిలో ఉంటే తల్లిదండ్రులు కదలక తప్పదని లెక్క. 40,000 మంది పోగయ్యారు, కాని సరైన ఆయుధాలున్నది ఐదో వంతుకే, మిగతావాళ్ళ చేతుల్లో వేట ఈటెలు, కత్తులు. గ్లాడియేటర్ శిక్షణలో ఉన్న బానిసలకి తల నుంచి కాలి దాకా ఇనుము తొడిగి ముందు నిలబెట్టారు. కత్తి దిగకపోతే రోమన్ సైనికులు గొడ్డళ్ళు, గునపాలు తెచ్చి కొట్టారు, పడిపోయినవాళ్ళు ఆ బరువుకి లేవలేకపోయారు. సాక్రోవిర్ ఒక తోట ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఫ్లోరస్‌ని అణచింది ఎవరో చూడండి: జూలియస్ ఇండస్, ఫ్లోరస్‌ది ఏ తెగో అదే ట్రెవెరి తెగవాడు, ఫ్లోరస్ అంటే గిట్టనివాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

నలభై ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 60-61లో బ్రిటన్‌లో బూడికా. ఆమె భర్త ప్రసుటగస్ రోమ్‌కి మిత్రరాజు, తన ఆస్తి ఇద్దరు కూతుళ్ళకీ చక్రవర్తి నీరోకీ కలిపి వీలునామా రాశాడు, అలాగైనా ఇల్లు నిలుస్తుందని. నిలవలేదు. రోమన్ అధికారులు అంతా జప్తు చేశారు, బూడికాని కొరడాతో కొట్టారు, కూతుళ్ళని చెరిచారు. ఇది అందరూ చెప్పే భాగం. డియో ఇంకో మాట చెబుతాడు: ఖజానా అధికారి డెసియానస్, పాత చక్రవర్తి క్లాడియస్ బ్రిటన్ పెద్దలకి ఇచ్చిన సొమ్ము వెనక్కి కట్టమన్నాడు. నీరో గురువు, నీతులు రాసిన సెనెకా 4 కోట్ల సెస్టెర్స్‌లు (రోమన్ నాణేలు) వాళ్ళకి వడ్డీకి అంటగట్టి, హఠాత్తుగా మొత్తం తిరిగిమ్మన్నాడు. కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ మూడూ తగలబడ్డాయి. కోల్చెస్టర్‌లో, లండన్‌లో తవ్వితే ఆ కాలిన మట్టి పొర ఇప్పటికీ తగులుతుంది. 70,000 మంది చచ్చారన్న టాసిటస్ అంకె నాకు నమ్మబుద్ధి కాదు, ఆ పట్టణాల్లో అంత జనాభా ఉండే అవకాశం తక్కువ.

ఓడించాక గవర్నర్ సూటోనియస్ పౌలినస్ (ఇందాకటి చరిత్రకారుడు వేరు) దొరికిన తెగనల్లా తగలబెట్టుకుంటూ పోతుంటే, కొత్తగా వచ్చిన ఖజానా అధికారి జూలియస్ క్లాసికియానస్ రోమ్‌కి ఉత్తరం రాశాడు: ఈ గవర్నర్ ఉన్నంతకాలం శాంతి రాదు, మార్చండి. కొంతకాలానికి మార్చారు కూడా. ఈ క్లాసికియానస్ గాల్ ప్రాంతం వాడు. అతని సమాధి రాళ్ళు లండన్‌లో దొరికాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సమాధి కట్టించిన భార్య పేరు జూలియా పకాటా, ఇండస్ కూతురు. అవును, ఫ్లోరస్‌ని అణచిన ఆ ఇండస్ కూతురే! ఒక తిరుగుబాటుని సొంత చేతులతో అణచిన ఇంటి అల్లుడు, ఇంకో తిరుగుబాటు తర్వాత జనం తరఫున రోమన్ గవర్నర్ మీద ఫిర్యాదు చేశాడు. రోమ్‌ని ఎదిరించడం అంటే కత్తి పట్టడం ఒక్కటే కాదనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఆఫ్రికాలో టక్ఫరినాస్ కూడా ఇదే కోవ. సహాయక దళం నుంచి పారిపోయిన సైనికుడు, క్రీ.శ. 17 నుంచి 24 దాకా కొట్టి పారిపోతూ రోమన్లని ముప్పుతిప్పలు పెట్టాడు. అతన్ని ఓడించామంటూ ముగ్గురు సేనాపతులు రోమ్‌లో విగ్రహాలు పెట్టించుకున్నారు, అతను మాత్రం ఆఫ్రికాని దోచుకుంటూనే ఉన్నాడని టాసిటస్ వెటకారం. నాలుగోవాడు డొలబెల్లా నిజంగానే మట్టుబెడితే అతనికి ఆ గౌరవం దక్కలేదు. 66లో జెరూసలేంలో తిరుగుబాటుదారులు మొదట్లోనే చేసిన పనుల్లో ఒకటి అప్పు పత్రాలున్న కచేరీని తగలబెట్టడం, బీదవాళ్ళంతా మన వైపు వస్తారని. ఆ యుద్ధం మీద వేరే జవాబే రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నాను.

కత్తి పట్టనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. క్రెముటియస్ కోర్డస్ అనే చరిత్రకారుడు సీజర్‌ని చంపిన బ్రూటస్‌ని మెచ్చుకుని, కాసియస్‌ని ఆఖరి రోమన్ అన్నాడని క్రీ.శ. 25లో కేసు పెట్టారు. అన్నం మానేసి చనిపోయాడు, అతని రాతలు తగలబెట్టారు, కూతురు మార్సియా కొన్ని దాచి బతికించింది. నీరో కాలంలో సెనేటర్ థ్రేసియా పైటస్ ఇంకో రకం. 59లో నీరో తల్లిని చంపించుకుంటే సెనేట్ అభినందన తీర్మానాలు చేస్తోంది. థ్రేసియా లేచి బయటికి నడిచాడు, అంతే. చివరి మూడేళ్ళయితే అసలు సెనేట్‌కే వెళ్ళలేదు. అతని మీద నేరం మోపినవాడు చేసిన ఆరోపణ అద్భుతం: రాష్ట్రాల్లో, సైన్యాల్లో జనం దినవార్తల పత్రాన్ని శ్రద్ధగా చదువుతున్నది థ్రేసియా ఏం చెయ్యలేదో తెలుసుకోవడానికే అన్నాడు. 66లో మరణశిక్ష వేసి, ఎలా చావాలో ఎంచుకోమన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఈ సెనేటర్ల మీద కొంచెం అనుమానం ఉంది. వాళ్ళు కోరింది తమ సభకి పాత మర్యాద, ఫ్రీజియన్ రైతు తోళ్ళ సంగతి వాళ్ళకి పట్టలేదు. అయినా చప్పట్లు కొట్టడం తప్పనిసరి అయిన చోట చేతులు ముడుచుకుని కూర్చోవడానికి ధైర్యం కావాలి, ఆ మాట కాదనను.

ఎందుకు ఓడిపోయారు అన్నదానికి సివిలిస్ కథలో జవాబుంది. బటావియన్లు రైన్ నది ముఖద్వారం వాళ్ళు, పన్ను కట్టరు, బదులుగా సైనికుల్నిస్తారు. జూలియస్ సివిలిస్ పాతికేళ్ళు రోమ్ కొలువులో ఉన్నాడు. అతని సోదరుణ్ణి తప్పుడు కేసులో చంపారు, అతన్ని గొలుసులేసి నీరో దగ్గరకి పంపారు, నీరో పోయాక విడుదలయ్యాడు. 69లో రోమన్లు నలుగురు చక్రవర్తుల కోసం తమలో తాము కొట్టుకుంటుంటే, ముసలివాళ్ళనీ పిల్లల్నీ కూడా సైన్యభర్తీకి ఈడ్చుకుపోయి వదలడానికి లంచాలడిగారు. సివిలిస్ లేచాడు. జాన్టెన్ దగ్గరున్న లీజియన్ కోటని ఆకలితో లొంగదీశాడు, కొన్ని రోమన్ దళాలు ఏకంగా "గాల్ సామ్రాజ్యం" పేరు మీద ప్రమాణం చేశాయి. అంత దాకా వచ్చాక గాల్ తెగలన్నీ రీమ్స్‌లో సమావేశమయ్యాయి. గెలిస్తే రాజధాని ఎక్కడ, నాయకుడు ఎవరు, ఈ ప్రశ్నల దగ్గరే ఆగిపోయి శాంతికి ఓటేశాయి. రోమన్ సేనాపతి సెరియాలిస్ ట్రియర్‌లో వాళ్ళతో మొహమాటం లేకుండా చెప్పాడు: సైన్యం లేకుండా శాంతి లేదు, జీతం లేకుండా సైన్యం లేదు, పన్ను లేకుండా జీతం లేదు, మేం పోతే మీలో మీరే కొట్టుకు చస్తారు. దబాయింపే, కాని విన్నవాళ్ళకి అందులో కొంత నిజం కనిపించింది. ప్రతి ఫ్లోరస్ పక్కనా ఒక ఇండస్, ప్రతి ఆర్మీనియస్ ఇంట్లోనూ ఒక ఫ్లావస్ ఉండేలా రోమ్ చూసుకుంది, లీజియన్లు ఆ తర్వాతి సంగతి.

ఆ తర్వాత సహాయక దళాల్ని చాలావరకు సొంత ఊళ్ళకి దూరంగా పంపడం మొదలైంది. సుమారు క్రీ.శ. 100 నాటికి బ్రిటన్ ఉత్తరాన విండోలాండా కోటలో ఒక బటావియన్ దళం ఉంది. దాని అధికారి పేరు ఫ్లావియస్ సెరియాలిస్. తిరుగుబాటుని అణచిన సేనాపతి పేరే, అప్పట్లో రోమ్ పక్షాన నిలిచిన ఏదో బటావియన్ ఇంటివాడై ఉంటాడని పరిశోధకుల ఊహ.

స్పార్టకస్ది, సిసిలీ బానిసలదీ అగస్టస్‌కి ముందు కాలం, అక్కడ కారణాలు వేరు, సైన్యాలు వేరు. దాన్ని విడిగా అడగండి, తీరిక చూసుకుని రాస్తాను.